బండి ఆగినప్పుడు గడియారం చూడండి

పిడుగురాళ్ల సున్నపు బట్టీల తెల్లదుమ్ము అప్పుడే వెనకబడింది. మే నెల మధ్యాహ్నం, ఒంటిగంట దాటి పది నిమిషాలు. నార్కట్‌పల్లి రోడ్డు ఎదురుగా నీళ్లు పరిచినట్టు మెరుస్తోంది. సరిగ్గా అప్పుడు బండి మొదటి జర్క్ ఇచ్చింది. ఎక్సలేటర్ తొక్కాను. ముందుకు దూకాల్సిన బండి, వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు కుంగింది. 75లో ఉన్న స్పీడు 50కి, అక్కణ్ణుంచి 30కి పడిపోయింది. వెనక సిమెంటు లారీ హారన్ మీద హారన్. ఇండికేటర్ వేసి ఎడమ పక్క మట్టిలోకి దించేసరికి ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆ ఎండను తెలుగువాళ్లకి వర్ణించక్కర్లేదు. ఏటా వేసవి వార్తల్లో వినబడే రెంటచింతల ఆ పల్నాడులోదే. బండి దిగి, హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర ట్రయాంగిల్‌ని వెనక కొంత దూరంలో పెట్టి, రోడ్డుకి దూరంగా వేపచెట్టు కిందికి వెళ్లాను. ఆగిన బండిలో కూర్చోకూడదని మా ఆయన చెప్పేవారు. వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకి మన బండి నడుస్తోందో ఆగిందో దగ్గరికొచ్చేదాకా తెలియదు. పిల్లలుంటే వాళ్లని ముందు దించాలి. తలుపులు వేసిన కారు లోపల ఎండకి నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

బండి మా ఆయన 2004లో కొన్నది. నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, తర్వాత ఇంకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. రెండోసారి కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆయన లేరు. అందుకే ఈ బండి విషయంలో "అమ్మేయరాదూ" అన్న సలహా నాకు రుచించదు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని. కారణం కనుక్కోకుండా దేన్నయినా పారేయడమంటే మనసొప్పదు.

కారణం కనుక్కోవడమే ఇక్కడ చిక్కు. వేసవిలో దారి మధ్యన బండి లాగకపోవడం చిత్రమైన జబ్బు. డాక్టరు దగ్గరికెళ్లేసరికి జ్వరం తగ్గిపోతుంది. అరగంట నీడన ఉంటే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకి తీసుకెళితే మెకానిక్ ఓ రౌండు కొట్టి వచ్చి "బండి సూపర్‌గా ఉంది మేడమ్" అంటాడు. అతని తప్పు కాదు, అతను చూసినప్పుడు నిజంగానే బాగుంది. అయినా మనం ఏదో ఒకటి చేయమంటాం. అప్పుడు సామాన్లు మార్చడం మొదలవుతుంది. ఏప్రిల్‌లో మా ఊరు నరసరావుపేటలోనే ఒక షెడ్డులో ముందు ప్లగ్గులు, తర్వాత ఇగ్నిషన్ కాయిల్ మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేశారు. 7,800 రూపాయలు అయ్యాయి. స్కానర్ పెడితే తప్పేమీ చూపించలేదు. జబ్బు ఎక్కడున్నది అక్కడే ఉంది.

చెట్టుకింద నేను చేసింది ఒకటే. గ్లవ్ బాక్సులోంచి నోటుబుక్కు తెచ్చుకున్నాను. అది మా ఆయన పెట్రోలు లెక్కల పుస్తకం. తేదీ, కిలోమీటర్లు, పెట్రోలు అని మూడు గళ్లు గీసి ఏళ్ల తరబడి రాశారు. ఆయన తర్వాత నేనూ మానలేదు. ఈ గోల మొదలయ్యాక నాలుగో గడి గీసి, ఏం జరిగిందో రాయడం మొదలుపెట్టాను. ఆ రోజుది రాశాను: 1.10కి మొదలు. బయల్దేరి గంటం పావు. ఏసీ ఉంది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే. ముందు జర్కులు, తర్వాత ఆగింది. ఆర్‌పీఎం ముల్లు స్పీడుతో పాటు నెమ్మదిగా దిగింది. చెడు వాసన లేదు, పొగ లేదు. 1.35కి సెల్ఫ్ కొడితే మొదటిసారికే స్టార్టయింది.

ఈ ఒక్కో ముక్కా ఒక్కో అనుమానితుణ్ణి వదిలిపెడుతుంది.

ముందు అందరూ అనుకునేది బండి హీటెక్కిందని. రేడియేటర్ మూత దగ్గర ఒత్తిడి నిలిచి ఉన్నంతసేపూ లోపలి నీళ్లు వంద డిగ్రీలకి మరగవు. 0.9 బార్ మూత ఉంటే మామూలు నీళ్లే సుమారు 118 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత వదులైతే ఆ రక్షణ పోతుంది. వేడి బండి మీద ఆ మూత ఎవరూ తిప్పకండి. ఒత్తిడి తీసేసిన మరుక్షణం లోపలి నీళ్లన్నీ ఒక్కసారి మరిగి ముఖం మీదికి ఎగదన్నుతాయి. కాలే ఇంజిన్ మీద చల్లనీళ్లు గుమ్మరించకండి, లోహం పగలవచ్చు. ముల్లు ఎర్రగీత వైపు వెళుతుంటే ఏసీ కట్టేసి, ఆ ఎండలోనే సరే, హీటర్ పూర్తిగా పెట్టి, కిటికీలు దించి, ఆగే చోటు చూసుకోండి. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగుతుంది. ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే మీద చల్లబడితే ఫ్యాన్‌ని అనుమానించాలి. స్పీడులోనూ హీటెక్కుతుంటే కూలెంట్ తగ్గిందా, రేడియేటర్ పూడిందా, థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదా, నీళ్ల పంపు పాడైందా చూడాలి. నా బండి ముల్లు మధ్య దాటలేదు. అనుమానితుల్లో మొదటివాడు వెళ్లిపోయాడు.

కొంతమంది "ఎండకి గాలి పలచబడి పవర్ పోతుంది" అంటారు. నిజమే. ఎంత పోతుందో లెక్క వేద్దాం. 25 డిగ్రీల గాలికీ 45 డిగ్రీల గాలికీ సాంద్రతలో తేడా ఆరు శాతం. బండికి చిన్న బద్ధకం రావడానికి అది చాలు, దాని మీద ఏసీ కంప్రెసర్ బరువు ఒకటి. కానీ 75 నుంచి 30కి పడేయడానికి ఆరు శాతం చాలదు.

ఇంజిన్ అరుస్తూ, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తూ, బండి మాత్రం కదలకపోతే అది ఇంజిన్ జబ్బు కాదు. క్లచ్ జారుతోంది. ఇంజిన్ బాగానే ఉండి, ఎక్సలేటర్ వదిలిన వెంటనే ఎవరో బ్రేకేసినట్టు బండి ఆగుతుంటే నిజంగానే బ్రేకు పట్టేసి ఉండొచ్చు. ఆగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి కొంచెం దూరంగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. మూడింటికంటే ఒకటి సెగలు కక్కుతుంటే దొంగ అక్కడే ఉన్నాడు.

సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయినా బండి లాగదు. ఊపిరి వదలలేనివాడు పరుగెత్తలేడు కదా. దేశంలో కొత్త పెట్రోలు కార్లకి ఇది 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై తర్వాత అన్నిచోట్లకీ వచ్చింది. ఇది పూడితే స్పీడు పెరిగేకొద్దీ ఉక్కిరిబిక్కిరి ఎక్కువవుతుంది, అరగంట నీడన ఉన్నంత మాత్రాన నయం కాదు. మిస్సింగ్ కొడుతున్న బండిని అలాగే వారాల తరబడి నడిపితే కాలని పెట్రోలు దీనిలోకి వెళ్లి మండుతుంది, లోపలి తేనెతుట్టెలాంటి దిమ్మ కరిగి మూసుకుపోతుంది. మిస్సింగ్‌ని "ఎలాగో నడుస్తోందిగా" అని వదిలేయవద్దని నేను బతిమాలేది ఇందుకే.

ఇక మిగిలినవి రెండు: నిప్పురవ్వ, పెట్రోలు. నీడన కూర్చుంటే నయమయ్యే జబ్బులు చాలావరకూ ఈ రెండు ఇళ్లవే.

రవ్వ వైపు కాయిల్, క్రాంక్ సెన్సర్ అనేవి వేడికి లొంగిపోతాయి. లోపలి సన్నని తీగచుట్టలు, వాటి పూత ఏళ్లకి బలహీనపడతాయి. చల్లగా ఉన్నంతసేపు పని చేసి, కాగాక తెగిపోతాయి, చల్లారితే మళ్లీ కలుస్తాయి. కానీ క్రాంక్ సెన్సర్ పోవడానికి ఒక లక్షణం ఉంది. బండి గేరులో ఇంకా పరుగెడుతూ ఉండగానే ఇంజిన్ దీపం ఆర్పినట్టు ఆగుతుంది, ఆర్‌పీఎం ముల్లు ఠక్కున సున్నాకి పడుతుంది. చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉన్నా, తిరుగుతోందని చెప్పేవాడే మూగబోయాడన్నమాట. పెట్రోలు అందకపోతే అలా ఉండదు. ముందు ఆయాసం, జర్కులు, ఎక్కువ తొక్కితే ఎక్కువ ఇబ్బంది, మెల్లగా పోతే కొంచెం నయం. ముల్లు స్పీడుతో పాటే దిగుతుంది. నా పుస్తకంలో ఉన్నది ఈ రెండోదే. అయినా అప్పటికి నేను గ్రహించలేదు. ఎండలో ఆగింది కాబట్టి ఎండదే తప్పనుకుంటూ ఉన్నాను.

మా బాబాయికి విజయవాడలో టాక్సీ ఉండేది. కార్బురేటర్ల కాలం. వేసవి వస్తే సీటుకింద ఒక తడి గోనెగుడ్డ, నీళ్ల సీసా తప్పనిసరి. అప్పటి పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉండేది, దూరాన ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలుని పీల్చుకునేది. పీల్చేచోట ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ద్రవం తొందరగా మరుగుతుంది. పెట్రోలులో తేలిక భాగాలు నలభై డిగ్రీల లోపే ఆవిరవడం మొదలుపెడతాయి. పైపులో ఆవిరి బుడగ చేరితే పంపు దాన్నే నొక్కుతూ వదులుతూ ఉంటుంది, పెట్రోలు కదలదు. దాన్నే వేపర్ లాక్ అంటారు. బాబాయి బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద చుట్టి, బీడీ ముట్టించకుండా దూరంగా కూర్చునేవాడు. గుడ్డ వేశాక స్టార్టయితే జబ్బు పంపుదని తేలిపోయేది. అది వైద్యమూ అవును, పరీక్షా అవును. ఒకేసారి అన్నీ చల్లారిపోతే ఏది కారణమో తెలియదు. ఒక్కదాన్నే చల్లార్చి చూస్తే తెలుస్తుంది. ప్రయోగశాలలో పిల్లలకి నేను నేర్పిన సూత్రాన్ని బాబాయి గోనెగుడ్డతో నాకంటే ముందే చేసి చూపించాడు.

ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. పీల్చదు, సుమారు 3 బార్ల ఒత్తిడితో నెడుతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తేలిగ్గా మరగదు, కాబట్టి పాతకాలపు వేపర్ లాక్ వీటికి అరుదు. ఈ పంపుకి వేరే బలహీనత ఉంది. అది చెప్పింది మిర్యాలగూడ మేస్త్రీ.

వేపచెట్టు దగ్గర స్టార్టయిన బండిని ఏసీ లేకుండా 50 దాటకుండా నడిపించుకుంటూ దాచేపల్లి దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటాను. అవతల ఒడ్డున బంకులో ట్యాంకు నింపించాను. ఆంధ్రలో కంటే తెలంగాణలో పెట్రోలు కాస్త చవక, అందుకని హైదరాబాదు వెళ్లేటప్పుడల్లా ట్యాంకు అడుగంటేదాకా ఆగి అక్కడే నింపడం మాకు అలవాటు. నింపాక బండి కోడెదూడలా పరుగెత్తింది. వెళ్లిపోదామనే అనుకున్నాను. కానీ ముందు ఇంకా నల్గొండ, నార్కట్‌పల్లి, ఆ తర్వాత విజయవాడ హైవే మీది వాహనాల వరద. గుండె ఒప్పుకోలేదు. మిర్యాలగూడలో రోడ్డు పక్క షెడ్డు కనబడితే ఆపాను.

యాభై ఏళ్లుంటాయి అతనికి. బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"బండి ఆగినంక ఎంతసేపటికి స్టార్టయిందమ్మా?"

చెప్పాను.

"ఆగినప్పుడు ట్యాంకుల ఎంత పెట్రోలుంది?"

నోటుబుక్కు ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో లైను చదివాడు. ఏప్రిల్ 6, ఉదయం, కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కాం, నిండు ట్యాంకు, ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ 19, గుంటూరు నుంచి తిరుగు ప్రయాణం, మధ్యాహ్నం 2, పావు ట్యాంకు, ఊరు దగ్గరికొచ్చాక జర్కులు. మే 3, వినుకొండ, అదీ మిట్టమధ్యాహ్నమే, ట్యాంకు సగం పైన, ఏమీ లేదు. మే 11, చిలకలూరిపేట, మధ్యాహ్నం 3, ట్యాంకు అడుగున, రెండుసార్లు ఆగింది.

"ఎండ కాదమ్మా. ఎండ నాలుగిట్ల మూడుసార్లుంది. బండి రెండుసార్లే సతాయించింది. రెండుసార్లూ పెట్రోలు తక్కువున్నది. ఇయ్యాల గూడ గంతే. నింపినంక బాగ లాగిందా లేదా?"

లాగింది. నెల రోజులుగా నా చేతిరాతలోనే ఉన్న సంగతి అది. నేను ఏం జరిగిందో రాసిన గడినే చూస్తూ వచ్చాను, అతను మా ఆయన గీసిన పెట్రోలు గడి చూశాడు.

ఆ పంపు ఒక చిన్న కరెంటు మోటారు. దాని చుట్టూ, దాని గుండా పోయే పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. మా బండిలో ఇంజిన్ వాడుకోగా మిగిలిన పెట్రోలు కాగి మళ్లీ ట్యాంకుకే వస్తుంది. బిందెడు నీళ్లకంటే గ్లాసెడు నీళ్లు తొందరగా కాగుతాయి. ట్యాంకులో ముప్పై లీటర్లుంటే ఆ వేడి లెక్కలోకి రాదు. నాలుగు లీటర్లే ఉండి, కింద తారురోడ్డు కాలుతూ ఉంటే గంటలో ఆ కాస్త పెట్రోలూ వేడెక్కుతుంది. రాగి తీగ కాగితే దాని నిరోధం డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది. అరవై డిగ్రీలు పెరిగితే దాదాపు పాతిక శాతం. మోటారు నీరసిస్తుంది. కొత్త పంపయితే ఆ నీరసాన్ని కప్పుకునే బలం ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్ల పంపుకి ఉండదు, పైగా ముందున్న ఫిల్టర్ పూడిపోయి ఉంటే అది రోజూ గోడని నెడుతున్నట్టే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు నెట్టగలిగింది, నిండు ట్యాంకుతో కోటప్పకొండ ఎక్కించింది. కొండ ఎక్కిందంటే ఇంజిన్, క్లచ్ గట్టిగా ఉన్నాయని కూడా తేలింది.

మేస్త్రీ అనుకుని ఊరుకోలేదు. పెట్రోలు లైనుకి ప్రెషర్ గేజి కలిపాడు. మెల్లగా తిరుగుతున్నంతసేపు ఒత్తిడి బాగానే ఉంది. రేజ్ చేయగానే 2 బార్ల కిందికి జారింది. బండి కింద బిగించి ఉన్న ఫిల్టర్ విప్పి, పెట్రోలు వచ్చే వైపుకి వెనక్కి దులిపితే డబ్బాలోకి కాఫీ డికాక్షన్ లాంటిది కారింది. కొత్త ఫిల్టర్ వేశాక రేజ్ చేసినా ముల్లు నిలబడింది. అయినా ఏసీ వేసి అరగంట ఎండలో నడిపితే మళ్లీ కొంచెం జారడం మొదలుపెట్టింది. అప్పుడుగానీ వెనక సీటు ఎత్తి పంపు బయటికి తీయలేదు. దాని అడుగు జాలీకి బంక పట్టి ఉంది. ఇంత మురికి ఒక్కసారిగా ఎక్కడిదని అడిగాను. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత ట్యాంకుల్లో ఏళ్లుగా అంటుకున్న మడ్డిని కరిగించి కదిలిస్తుందని అతని అనుభవం. ఇథనాల్‌కి ఆ గుణం ఉన్నమాట నిజమే. అందుకని 2023కి ముందు తయారైన బళ్లున్నవాళ్లు ఫిల్టర్‌ని, రబ్బరు పైపుల్ని ఎప్పటికంటే తరచుగా చూపించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

స్కానర్ ఎందుకు పట్టుకోలేదో కూడా అప్పుడే తెలిసింది. మా బండి లాంటి చాలా పాత కార్లలో పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సరే లేదు. కంప్యూటర్ ఇంజెక్టర్‌ని తెరుస్తుంది, పెట్రోలు వచ్చిందనే అనుకుంటుంది. కొలవనిదాని గురించి అది ఏం చెప్పగలదు? మన దేశంలో కార్లకి తప్పుల్ని గుర్తించి చెప్పే ఓబీడీ ఏర్పాటు 2010 ఏప్రిల్ నుంచి దశలవారీగా వచ్చింది. దానికి ముందు బళ్లకి నోరు తక్కువ. చూసినవాళ్లే చెప్పాలి.

అతను కొత్త పంపు బిగిస్తూ ఇంకో రెండు సంగతులు చెప్పాడు. ఆగిన వెంటనే ట్యాంకు మూత తీస్తే గట్టిగా గాలి పీల్చుకున్న చప్పుడయి, ఆ తర్వాత బండి నడిస్తే, గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుందని అర్థం. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపుని వెనక్కి లాగుతుంది. ఈ పరీక్ష మనమే చేసుకోవచ్చు, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుంటే చాలు. రెండోది మెకానిక్ పని. ఆగీ ఆగగానే ప్లగ్గు విప్పితే, పెట్రోలుతో తడిసి ఉంటే రవ్వ లేదు, పొడిగా ఉంటే పెట్రోలు లేదు. ఎన్ని మిషన్లు వచ్చినా ఈ పరీక్ష పాతబడదని అతను అన్నప్పుడు నాకు క్లాసులో మంచి విద్యార్థి దొరికినంత సంతోషం వేసింది. అతను విద్యార్థి కాదు, ఆ పూట గురువు. పంపు, ఫిల్టర్, కూలీ కలిపి 4,600 తీసుకున్నాడు. ముందు ఊళ్లో మార్చిన కాయిల్, ప్లగ్గులు బాగున్నవే, దండగ ఖర్చని అతను నోరు తెరిచి అనలేదు. "ఆళ్లకు ఈ పుస్తకం సూపియ్యలేదామ్మా?" అని మాత్రం అడిగాడు.

చూపించలేదు. "ఎండలో బండి లాగట్లేదు బాబూ" అన్నాను, అంతే. ఆ ఒక్క మాటకి ఎవరైనా ఏం చేస్తారు?

అందుకే ఇంత రాస్తున్నాను. బండి కుంటినప్పుడు మన చేతులు వణుకుతాయి, ఎవరికి ఫోన్ చేయాలా అని చూస్తాం. జాతీయ రహదారి మీదయితే 1033కి, ఎక్కడున్నా అత్యవసరానికి 112కి చేయండి, ముందు మనుషులు క్షేమం. ఆ తర్వాత ఒక్క రెండు నిమిషాలు గడియారం, ముళ్లు చూడండి. బయల్దేరి ఎంతసేపైంది, పెట్రోలు ఎంతుంది, ఏసీ ఉందా, ఎక్కుడులో ఆగిందా చదునులోనా, ముందు దగ్గిందా లేక దీపంలా ఆరిందా, ఎంతసేపటికి లేచింది. ఆ సమయంలో అక్కడ మెకానిక్ ఉండడు, మీరే ఉంటారు.

జూన్ మొదటివారంలో అదే దారిన తిరిగొచ్చాను. వానలు ఇంకా పడలేదు. మళ్లీ మధ్యాహ్నపు ఎండలోనే వచ్చాను, కావాలనే. ట్యాంకు పావుకి దిగినా పెట్రోలు పోయించలేదు. వాడపల్లి వంతెన మీద ఏసీతో 70లో వెళుతూ ఎక్సలేటర్ తొక్కితే బండి ముందుకే దూకింది. పిడుగురాళ్ల ఇంకా రాకముందే ఆ వేపచెట్టు కింద ఆపి పుస్తకం తీశాను. 2.40. పావు ట్యాంకు. ఏసీ ఉంది. జర్కులు లేవు. రాసి, అలవాటుగా చక్రాల దగ్గర చెయ్యిపెట్టి చూసి, ఇంకో లైను చేర్చాను: ఎడమ వెనక చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంది, చూపించాలి.